పహాణీలో పోయిన గడి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల రైతు ఇవాళ తన భూమి ఎవరి పేర ఉందో చూసుకోవాలంటే మీసేవకు వెళ్తాడు, లేదా ఫోను తెరుస్తాడు. సర్వే నంబరు కొడితే రాష్ట్రమంతటికీ ఉమ్మడిగా ఉన్న సర్వరులోంచి లెక్క తెర మీదికొస్తుంది. రెండు తరాల కిందట అదే లెక్క పట్వారీ ఇంట్లో, గుడ్డలో చుట్టిన బస్తాలో ఉండేది. దీన్ని కాగితం నుంచి కంప్యూటరుకు జరిగిన ఎదుగుదలగా చెప్పుకోవడం మనకు అలవాటైంది. కానీ భూమి లెక్క చోటు మారిన ప్రతిసారీ అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. పాత పుస్తకంలోని ఏ గళ్లు కొత్త చోటికి వచ్చాయి? ఏవి దారిలోనే ఆగిపోయాయి? వచ్చినదాన్ని చదివి ‘ఇది తప్పు’ అని చెప్పి దిద్దించుకునే వీలు రైతుకు మిగిలిందా? ఈ మూడు పట్టణాల చుట్టూ నూటయాభై ఏళ్ల భూచరిత్రను నడిపించింది ఆ ప్రశ్నలే.

నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ తెచ్చి పాలనను జిల్లాలుగా విడగొట్టాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో సర్వే, సెటిల్‌మెంటు జరిగి ఊరూరికీ సేత్వార్ తయారైంది. ఏ నంబరు, ఎంత రకబా (విస్తీర్ణం), తరి (మాగాణి) ఎంత, ఖుష్కి (మెట్ట) ఎంత, పట్టాదారు ఎవరు అన్నదంతా మొదటిసారి ఒక పద్ధతిగా అందులోకెక్కింది. ఎక్కించిన చేతులు మాత్రం పాతవే. సర్వేకు ముందు శిస్తు వసూలు చేసిన దేశ్‌ముఖ్‌ల దగ్గరా, లెక్కలు రాసిన దేశ్‌పాండ్యాల దగ్గరా దఫ్తరాలుండేవి. దున్నేవాడికి తెలియకుండానే మంచి భూములు వాళ్ల పేర పట్టా అయ్యాయని తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర రాసిన పుచ్చలపల్లి సుందరయ్య వివరించారు. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలున్నాయని కూడా ఆయనే లెక్క చెప్పారు. సర్కారు భాష ఉర్దూ, రైతుది తెలుగు. తన పేరు రాశారో లేదో చదువుకోలేని రైతుకు ఆ పుస్తకం ఉన్నా లేనట్టే. 1946లో మొదలైన పోరాటం నల్లగొండ జిల్లాను కుదిపేసినప్పుడు జనం కోపం దొరల గడీలతో ఆగకుండా అక్కడి పత్రాల మీదికీ మళ్లిందంటే, అందులో ఆశ్చర్యం లేదు.

1949లో జాగీర్దారీ రద్దయింది, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. చట్టం కాపాడతానన్న రక్షిత కౌలుదారు ఎవరో తేలాలంటే పొలంలో ఎవరున్నారో రాసుకోక తప్పదు. 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ విలువ అక్కడే ఉంది. అందులో పట్టాదారుకు ఒక గడి, కాస్తు చేసేవాడికి మరో గడి. పేరు ఒకరిది, నాగలి ఒకరిది అయినప్పుడు రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. తర్వాతి ఏటేటి పహాణీల్లో ముప్పై దాకా గళ్లుండేవి. నీటి ఆధారం, పంట, శిస్తు, అనుభవదారు (భూమి నిజంగా ఎవరి చేతిలో ఉందో వాడు), అనుభవం ఎలా వచ్చింది, చివర రిమార్కులు అన్నీ ఆ వరుసలోనే. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, కోదాడ వైపు ఖుష్కి చేలు తరి మళ్లయ్యాయి, వాటి విలువ పెరిగింది. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాల కొనుగోళ్లు తెలంగాణ అంతటా నడిచాయి. రిజిస్ట్రేషన్ లేని ఆ కొనుగోలుకు సర్కారు పుస్తకంలో దొరికిన చోటు అనుభవదారు గడి ఒక్కటే.

1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది, బస్తా ఊరి చేయి దాటింది. 1988–89లో కేంద్రం భూమి లెక్కల కంప్యూటరీకరణను ఎనిమిది జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు మన రంగారెడ్డి అందులో ఒకటి. 1998 నవంబరులో కార్డ్ పథకం కింద 214 సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాలకు కంప్యూటర్లొచ్చాయి. అప్పట్లో ఏ కార్యాలయం సర్వరు దానిదే, ఉమ్మడి సర్వరు తర్వాతి మాట. కాగితం లెక్కను యంత్రంలోకి ఎక్కించడం ఎంత సున్నితమైన పనో ఒక్క చుక్క చెబుతుంది. పహాణీలో 3.25 అంటే మూడెకరాల ఇరవై ఐదు గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం కాబట్టి 3.25కు 2.30 కలిపితే 6.15 రావాలి. ఆ చుక్కను మామూలు దశాంశంగా చదివితే 5.55 వస్తుంది, అలాంటి విస్తీర్ణం గుంటల లెక్కలో ఉండనే ఉండదు. ఆ చుక్క అర్థం పట్వారీకి చెప్పనక్కర్లేదు, యంత్రానికి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి.

2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగింది. చిక్కులేని భూములు పార్ట్-ఎలోకి, వివాదమున్నవి పార్ట్-బిలోకి చేరాయి. మరుసటేడు రైతుబంధు పెట్టుబడి సాయం ఎకరాల లెక్కన పట్టాదారుకు అందింది. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) పోస్టులు రద్దయ్యాయి, అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. కొత్త లెక్కలో పట్టాదారు నిలిచాడు, అనుభవదారు గడి పోయింది. కాగితం మీద కొత్త గడి గీయాలంటే పుస్తకమే మళ్లీ అచ్చేయాలి. సర్వరులో ఎన్ని గళ్లయినా పెట్టుకోవచ్చు. చోటు పెరిగిన కాలంలో గళ్లు తగ్గాయంటే దానికి కారణం యంత్రం కాదు, పాలకుల నిర్ణయం.

ఈ విమర్శకు గట్టి జవాబులే ఉన్నాయి. ఊళ్లో ఒక్కడి చేతిలో కలం ఉంటే రాత్రికి రాత్రే పేర్లు మారేవని, అనుభవదారు గడే లంచాలకూ తగాదాలకూ మూలమని ఒక వాదన. జాగీర్దార్ల కాలంలో పుట్టిన ఆ గడికి సొంత భూమి రైతులున్న ఈ రోజుల్లో పని లేదని మరొకటి. మొదటి మాటలో నిజముంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో గుర్తుపెట్టుకోగల సర్వరు బస్తాకంటే మేలైన కాపలాదారు. అయితే దొంగరాతను ఆపే తాళమే తప్పురాతను దిద్దకుండా కూడా ఆపుతుంది. ఎక్కించేటప్పుడు పేరులో ఒక అక్షరం పోతే, గుంటలు తగ్గితే, ఒకప్పుడు మండలంలో తేలే పని ధరణిలో టీఎం-33 దరఖాస్తుగా కలెక్టరు దాకా వెళ్లింది. ఇక రెండో మాట కాలువ కింది మాగాణుల్లో నిలవదు. అక్కడ కౌలు సాగు పాతబడిన సంగతి కాదు, ఏటా జరిగేదే. గడి తీసేస్తే కౌలుదారు పొలంలోంచి పోడు, లెక్కలోంచి మాత్రం పోతాడు. లెక్కలో లేనివాడికి సాయం కూడా ఉండదని రైతుబంధు చూపించింది.

2025 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన భూభారతి చట్టం అప్పీళ్లకు దారి తెరిచింది, ఆ ఏడాదే ప్రభుత్వం గ్రామ పాలన అధికారుల పేరుతో ఊరికి మళ్లీ ఒక మనిషినిచ్చింది. సర్వరు ఎంత పెద్దదైనా పొలం గట్టు మీదికి వెళ్లి చూసే కన్ను కావాలని ఒప్పుకోవడమే ఇది. సేత్వార్ నాటి రైతుకు ఉర్దూ రాక తన లెక్క తెలియలేదు. ధరణి తెర తెలుగులోనే ఉన్నా, అందులో లేని గడిని ఏ భాషలోనూ చదవలేం. భూతగాదా కోర్టుకెక్కితే ఇప్పటికీ 1954–55 ఖాస్రా పహాణీ నకలు వెతుకుతున్నారు. పేరున్నవాడితో పాటు పొలంలో ఉన్నవాడినీ అది రాసిపెట్టుకుంది కనుక.