పురుటింటి తోడు: ఆదోని, ఎమ్మిగనూరు సీమలో మంత్రసాని

ఆదోని కోటను గూర్చి చరిత్రకారులు చాల వ్రాసిరి. విజయనగర ప్రభువుల తరువాత బిజాపూరు సుల్తానులు, వారి తరువాత మొగలాయీలు ఆ కోటను పట్టిన విధమును, 1786లో టిప్పు సుల్తాను దానిని గెలిచిన వృత్తాంతమును, 1800లో నైజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసిన కథయు గ్రంథములలో కలవు. కాని ఆ కోట క్రింది పేటలోను, చుట్టుపట్ల పల్లెలలోను పుట్టిన బిడ్డలను మొట్టమొదట చేతులలోనికి తీసికొనిన స్త్రీని గూర్చి ఆ గ్రంథములు చెప్పవు. రాజ్యములు మారినను ఆమె పని మారలేదు. ఆమె చరిత్ర తెలిసికొనుట మన తల్లుల చరిత్ర తెలిసికొనుటయే.

ఈ సీమ మూడు భాషల కూడలి. అందుచే ఆమెకు పేర్లును మూడు. తెలుగువారు మంత్రసాని యనిరి. కన్నడము మాటలాడువారు సూలగిత్తి యనిరి. ఉర్దూ మాటలాడువారు దాయి యనిరి. పేరు వేరైనను పని యొక్కటే. పెక్కు గ్రామములలో మంగలి కుటుంబముల స్త్రీలును, మరికొన్నింట దళితవాడల స్త్రీలును ఈ వృత్తి చేయుచుండిరి. అత్త వెంట కోడలు, తల్లి వెంట కూతురు పురుటిండ్లకు పోయి, చూచి నేర్చుకొనెడివారు. పుస్తకము లేదు, పరీక్ష లేదు, అనుభవమే గురువు.

మంత్రసానిని కుదుర్చుకొనుట ఇంటి పెద్ద స్త్రీల బాధ్యత. తొలి కాన్పు సాధారణముగా పుట్టినింట జరుగును గనుక, కూతురు చూలాలని తెలిసినది మొదలు తల్లి ఆలోచన యంతయు దానిమీదనే యుండెడిది. ఆమె చేతిమీద ఎందరు తల్లులు క్షేమముగా లేచిరి? అర్ధరాత్రి పిలిచినను వచ్చునా? ఒక ఇంటి మాట మరియొక ఇంట చెప్పకుండునా? నొప్పులు సాగుచున్నప్పుడు కసరుకొనక ధైర్యము చెప్పునా? ఈ గుణములన్నియు గలదానికి ‘హస్తవాసి మంచిది’ అని పేరు వచ్చెడిది. ఆ చిన్నమాటలో నేర్పు, ఓర్పు, నమ్మకము మూడును ఇమిడి యున్నవి.

ఆమె వచ్చినది మొదలు గర్భిణి ఒంటరి కాదు. నడుము రాచుట, ఆముదము మర్దించుట, కూర్చుండబెట్టి వెనుకనుండి పట్టుకొనుట, వేడినీళ్లు కాచించుట, బిడ్డ పుట్టిన పిదప మావిని పూడ్పించుట, పురుడు వెళ్లువరకు తల్లికిని బిడ్డకును నీళ్లు పోయుట, అన్నియు ఆమెవే. ప్రతిఫలముగా చేటెడు జొన్నలు, ఒక చీరయో రవికెల గుడ్డయో, కొంచెము నూనె లభించెడివి. మగబిడ్డ పుట్టినచో అంతకన్న ఎక్కువ. ఇందలి విపరీత మొకటి గమనింపదగినది. ఏ బిడ్డ నామె మొదట తాకెనో, ఆ ఇంటివారే పురుడు తీరిన పిమ్మట ఆమెను గడపకు ఆవల నిలిపెడివారు. ఆమె చేయి కావలెను గాని ఆమె సాటితనము అక్కరలేకపోయెను.

మంత్రసానితనమున కొప్పుకొన్నప్పుడు ఏది వచ్చినను పట్టవలెనని లోకోక్తి. కాని వచ్చిన ప్రతి ఆపదను పట్టగల శక్తి ఆమెకు లేదు. బిడ్డ అడ్డము తిరిగినప్పుడు, రక్తస్రావము ఆగనప్పుడు, చూలాలికి మూర్ఛ వచ్చినప్పుడు ఆమె నేర్పు చాలలేదు. బొడ్డు కోసిన కొడవలివలన బిడ్డకు ధనుర్వాతమును, శుభ్రము లేని చేతులవలన తల్లికి పురిటి జ్వరమును సంక్రమించెడివి. అయినను ఈ దోషము చదువులేని మంత్రసానిది మాత్రమే యనుట న్యాయము కాదు. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవపరీక్ష గదినుండి ప్రసూతి గదికి వచ్చు వైద్యుల చేతులే తల్లుల మరణమునకు కారణమని గ్రహించి, సున్నపు క్లోరిను నీటితో చేతులు కడిగించెను. మరణములు తగ్గెను. అయినను నాటి వైద్యులలో పెక్కురు ఆయన మాటను అంగీకరింపలేదు. పండితులే వినని సత్యము పల్లెటూరి మంత్రసానికి ఎట్లు తెలియును?

మన రాజధానిలో శాస్త్రీయ ప్రసూతి వైద్యము ముందుగనే ప్రారంభమైనది. మద్రాసులో 1844లో ప్రసూతి ఆసుపత్రి స్థాపింపబడెను. 1854లో అచ్చట మంత్రసానులకు శిక్షణ మొదలాయెను. 1885లో లేడీ డఫరిన్ పేర స్త్రీల వైద్యమునకు నిధి ఏర్పడెను. 1903లో విక్టోరియా స్మారక నిధివలన వృత్తి మంత్రసానులకే శిక్షణ ఇచ్చు ప్రయత్నము జరిగెను. 1883లో గుంటూరునకు వచ్చిన అమెరికను వైద్యురాలు అన్నా కుగ్లరు కృషివలన 1898లో అచ్చట స్త్రీల ఆసుపత్రి తెరువబడెను. 1926లో మద్రాసు ప్రభుత్వము నర్సులను, మంత్రసానులను నమోదు చేయుటకు చట్టము చేసెను. కాని ఈ దీపముల వెలుగు నాడు బళ్ళారి జిల్లాలోనున్న ఆదోని తాలూకా పల్లెలకు మిక్కిలి మందముగా చేరెను. 1946లో భోర్ సంఘము లెక్కవేయగా దేశమంతట మంత్రసానులు సుమారు 5,000 మంది. కావలసినవారు 1,00,000 మంది. ఏటేట సుమారు 2 లక్షల తల్లులు ప్రసవ సంబంధముగా మరణించుచుండిరని ఆ సంఘమే అంచనా వేసెను.

శిక్షణ పొందిన మిడ్‌వైఫు వచ్చినచోటను వెంటనే ఆదరణ లభింపలేదు. ఇందుకు పల్లెవారి మౌఢ్యమే కారణమని చెప్పుట సులభము; కాని అది సగము నిజము. ఆమె తరచుగా పరాయి ఊరి పిన్నవయస్కురాలు. ఒంటరిగా వచ్చి, కాన్పు చేసి, సంచి తీసికొని వెడలిపోవును. మంత్రసాని యన్ననో నొప్పులకు ముందే వచ్చి పురుడు వెళ్లువరకు ఉండును. ఒకరియందు విద్య యున్నది. మరియొకరియందు తోడు ఉన్నది. తల్లికి రెండును కావలెను. ఈ రెండును ఒక్క మనిషియందు కలియకపోవుటయే ఆ శతాబ్దపు విషాదము.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లానుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరెను. 1952లో ఆరంభమైన సమాజ వికాస పథకము క్రింద దేశమున ప్రాథమికారోగ్య కేంద్రములు వెలయసాగెను. 1957లో కర్నూలులో వైద్య కళాశాల స్థాపింపబడెను. కాని ఆదోనినుండి కర్నూలునకు సుమారు 100 కిలోమీటర్లు. ఎద్దుబండిలో నొప్పులు పడుచున్న స్త్రీకి అది దూరదేశమే. అందుచే ప్రభుత్వము మంత్రసానులనే తీర్చిదిద్ద నెంచెను. యూనిసెఫ్ సంస్థ కత్తెర, సబ్బు, బొడ్డు దారము మొదలగు సామగ్రిగల పెట్టెలను పంపెను. 1977 గ్రామీణారోగ్య పథకము వారి శిక్షణను విస్తరింపజేసెను. శుభ్రమైన చేయి, శుభ్రమైన చోటు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారము, శుభ్రమైన బొడ్డు అను అయిదు సూత్రములు ఆ శిక్షణకు ప్రాణము. పాతకాలపు హస్తవాసికి శాస్త్రము చెప్పిన అర్థ మిదియే.

ఈ సీమ స్త్రీల జీవితమే కష్టభూయిష్ఠము. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించి మగ్గమునకు జీవము పోసిరి. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించెను. మగ్గము గల ఇండ్లలో కండెలు చుట్టు స్త్రీలు నెలలు నిండువరకు రాట్నము వదలరు. 1961 ప్రసూతి సౌకర్యముల చట్టము ఫ్యాక్టరీ స్త్రీకి సెలవు నిచ్చినది గాని, ఇంటి మగ్గము స్త్రీకిని, కూలి స్త్రీకిని ఆ ఫలము దక్కలేదు. వానలు తప్పిన ఏట పల్లెలకు పల్లెలే సుగ్గికి పోవును. గుంటూరు మిరపచేలలో గుడారము క్రింద నొప్పులు వచ్చిన చూలాలికి పుట్టినిల్లు లేదు, తెలిసిన మంత్రసాని లేదు, తనను పరీక్షించిన నర్సు లేదు. తోడు లేకపోవుట యన నేమో ఆమెకు తెలిసినట్లు మరి యెవరికిని తెలియదు.

2005వ సంవత్సరము పెద్ద మలుపు. ఆ ఏట జననీ సురక్షా యోజనము వచ్చెను. ఆగస్టు 15న ఆంధ్రప్రదేశమున 108 వాహనములు నడువసాగెను. కాన్పు ఇంటినుండి ఆసుపత్రికి మరలెను. 2015 నాటికి భారతదేశమున బాలింతల, పసిబిడ్డల ధనుర్వాతము నిర్మూలింపబడినట్లు ప్రకటింపబడెను. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగెను. ఎన్నో ప్రాణములు నిలిచినవి. దీనిని తక్కువ చేసి మాటలాడుట కృతఘ్నత.

అయితే ఒక నష్టమును జరిగినది. రద్దీగల ప్రసూతి గదిలో తల్లి చేయి పట్టుకొనువారు కరవైరి. కోతతో జరుగు కాన్పులు ఆ సర్వేలోనే ఆంధ్రప్రదేశమున నూటికి 42.4, తెలంగాణమున 60.7. దేశజనాభా కంతకు నూటికి 10 మొదలు 15 వరకు చాలునని ప్రపంచారోగ్య సంస్థ 1985లో చెప్పిన మాటతో పోల్చినచో ఈ సంఖ్యలు ఆలోచింపదగినవి. కోత ఆపదలో ప్రాణదాత; ఆపద లేనప్పుడు అనవసరపు గాయము. ఓర్పుతో కనిపెట్టుకొని యుండు మనిషి లేనిచోట కత్తికి పని పెరుగును.

మన సరిహద్దున, తెలుగు విరివిగా వినవచ్చు పావగడ తాలూకాకు చెందిన సూలగిత్తి నరసమ్మగారు ప్రతిఫల మాశింపక 15,000కు పైగా కాన్పులు చేసిరి. అమ్మమ్మ చేతిక్రింద ఆ విద్య నేర్చిన ఆమెకు 2018లో పద్మశ్రీ లభించెను. ఆ డిసెంబరు 25వ తేదీననే ఆమె కీర్తిశేషురాలైరి. తరతరములుగా గడపకు ఆవల నిలిచిన వృత్తిని దేశము రాష్ట్రపతి భవనములోనికి పిలిచినది. 2017లో తెలంగాణ ప్రభుత్వము ఫెర్నాండెజ్ సంస్థ, యూనిసెఫ్‌ల తోడ్పాటుతో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫు శిక్షణ ప్రారంభించెను. 2018లో కేంద్రప్రభుత్వము దేశమంతటికిని అట్టి మార్గదర్శక సూత్రములను వెలువరించెను. సహజమైన కాన్పును ఓర్పుతో జరిపించుట, ఆపదను ముందుగా గుర్తించి వైద్యుని పిలుచుట వీరి ధర్మము. విద్యయు, తోడును ఒక్క మనిషియందు కలియుట ఇప్పటికి సాధ్యమగుచున్నది.

చూలాలున్న ప్రతి ఇల్లును నేటికిని పాతప్రశ్నలనే వేయవలెను: పిలిచిన వచ్చునా, మర్యాదగా మాటలాడునా, చేతులు శుభ్రమా? వానికి మరియొకటి చేర్చవలెను: తన చేతిలో లేని ఆపదను సకాలమున ఒప్పుకొనునా? గ్రామ గ్రంథాలయమునకును ఇందొక కర్తవ్యము కలదు. ఊరిలో మిగిలియున్న వృద్ధ మంత్రసానులను పిలిచి కూర్చుండబెట్టి, వారి మాటలను వ్రాసి భద్రపరుపవలెను. కోటలు పట్టినవారి పేర్లు నిలిచియున్నవి. బిడ్డలను పట్టినవారి పేర్లును నిలుచుట ధర్మము.