వర్జీనియా పల్లె కౌంటీల్లో నేర రికార్డులు

అమెరికాలో క్రిమినల్ కేసు కాగితాలు కేసు నడిచిన ఊరు వదలవు. నేరం ఏ కౌంటీలో జరిగిందో సాధారణంగా ఆ కౌంటీ కోర్టులోనే అవి పుడతాయి, అక్కడే నిలవ ఉంటాయి. ముద్దాయి ఏ రాష్ట్రంవాడు, ఏ దేశంవాడు అన్నదానితో పని లేదు. వర్జీనియా రాష్ట్రంలో 95 కౌంటీలు, వాటిలో చేరని స్వతంత్ర నగరాలు 38 ఉన్నాయి. కౌంటీల్లో చాలావాటిలో పొలాలు, అడవులు, నడుమ నాలుగు వీధుల కేంద్రం, ఆ కేంద్రంలో ఇటుక కట్టడపు కోర్టు తప్ప మరేం కనబడదు. సర్క్యూట్ కోర్టు క్లర్కును ఓటర్లు ఎనిమిదేళ్లకోసారి ఎన్నుకుంటారు. ఆ క్లర్కు ఆఫీసులో కేసు కాగితాలు చూడడానికి ఎవరైనా వెళ్లవచ్చు. ఎందుకని అడగరు. నకలు కావాలంటే పేజీకి 50 సెంట్లు.

తొలి పుస్తకాలు

1634లో వర్జీనియా వలసను షైర్లనే ఎనిమిది జిల్లాలుగా విడగొట్టారు. చీసపీక్ అఖాతానికీ అట్లాంటిక్‌కూ నడుమ సన్నగా సాగిన తూర్పు తీరం అందులో ఒకటి. తర్వాత దానికి నార్తాంప్టన్ కౌంటీ అని పేరు పెట్టారు. ఇప్పటికీ అది పన్నెండు వేల చిల్లర జనాభా ఉన్న పల్లెసీమే. 1632 నుంచి తెగకుండా వస్తున్న దాని కోర్టు పుస్తకాలు ఈస్ట్‌విల్ అనే చిన్న ఊళ్లో భద్రంగా ఉన్నాయి. ఈ దేశంలో ఇంత పాతకాలం నుంచి ఎడతెగకుండా వస్తున్న కోర్టు రికార్డులు మరెక్కడా లేవు.

1663లో నార్తాంప్టన్ నుంచి అకోమాక్ కౌంటీ వేరుపడింది. ఆ అకోమాక్ కోర్టు పుస్తకంలో 1665 నాటి ఒక కేసు ఉంది. ముగ్గురు మనుషులు ఒక సత్రంలో ‘ఎలుగుబంటి, దాని పిల్ల’ అన్న నాటకం ఆడారని ఒకాయన ఫిర్యాదు చేశాడు. న్యాయమూర్తులు ఆ ముగ్గురినీ వేషాలతో సహా కోర్టుకు రప్పించి, ఆడిన నాటకాన్ని తమ ముందు చూపమన్నారు. చూశాక తప్పేమీ లేదని వదిలేసి, ఖర్చులు ఫిర్యాదుదారు మీదే వేశారు. ఇంగ్లీషు వలసల్లో ఆడినట్టు ఆధారం దొరికిన తొలి ఇంగ్లీషు నాటకం అదే. నాటకం ప్రతి ఎక్కడా మిగల్లేదు. అలాంటిది ఒకటి ఆడారని మనకు తెలిసేది ఆ నేర విచారణ నమోదు వల్లనే. పల్లె కోర్టు గుమాస్తా రాసుకున్న నాలుగు వాక్యాలు అమెరికా రంగస్థల చరిత్రకు మొదటి పేజీ అయ్యాయి.

బానిసల కేసులు

స్వేచ్ఛ ఉన్న తెల్లవారి మీద ప్రాణం పోయే నేరారోపణ వస్తే కౌంటీ కోర్టు తొలి విచారణ మాత్రం జరిపి రాజధానిలోని జనరల్ కోర్టుకు పంపేది. బానిసలకు ఆ అవకాశం లేదు. 1692 చట్టంతో వారి కేసులు జ్యూరీ లేకుండా కౌంటీలోనే తేలిపోయేవి, ఉరిశిక్షతో సహా. అందుకే వాళ్ల బతుకుల జాడలు పల్లె పుస్తకాల్లోనే ఎక్కువగా దొరుకుతాయి. కానీ ఇంటిపేరు రాయరు. ‘ఫలానావారి బానిస సామ్’ అన్నట్టే ఉంటుంది. ముత్తాత జాడ వెతుక్కునే నల్లజాతి కుటుంబం ముందుగా ఆయన్ని సొంతం చేసుకున్నవాడి పేరు కనిపెట్టాలి. ఈ దేశపు దస్తావేజుల్లో ఇంతకంటే మనసు కలచే వెతుకులాట నాకు తెలియదు.

సౌతాంప్టన్ కౌంటీలో 1831 ఆగస్టులో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటు జరిగింది. నవంబరు 5న ఆయన్ని విచారించారు, 11న ఉరి తీశారు. ఆ వెంటనే థామస్ గ్రే అనే లాయరు ‘నాట్ టర్నర్ ఒప్పుకోలు’ పేరిట ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, అందులోని వాంగ్మూలం కోర్టులో చదివి వినిపించారని చెప్పాడు. కోర్టు పుస్తకంలో అలా లేదు. ముద్దాయి తాను నేరస్థుణ్ణి కానని చెప్పినట్టు, సాక్షులు చెప్పినట్టు, శిక్ష వేసినట్టు ఉంది. చివర ఆయన వెల కట్టారు: 375 డాలర్లు. ఉరి తీసిన బానిసకు ప్రభుత్వం యజమానికి పరిహారం ఇచ్చేది కాబట్టి మరణశిక్ష కిందే ధర రాయడం ఆనవాయితీ. జనం చేతుల్లో తిరిగిన పుస్తకాన్ని సరిచూసుకోవడానికి చరిత్రకారులకు ఆ పల్లె కోర్టు పుస్తకమే ఆధారమైంది.

అగ్ని

అంతర్యుద్ధం ముదిరాక చాలా కౌంటీలు తమ పుస్తకాలను భద్రంగా ఉంటాయని రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌కు తరలించాయి. 1865 ఏప్రిల్ 3న దక్షిణాది కాన్ఫెడరేట్ సైన్యం ఆ నగరాన్ని వదిలిపోతూ పెట్టిన మంటలు అదుపు తప్పాయి. రాష్ట్ర కోర్టు భవనం కాలిపోయింది. జనరల్ కోర్టు రికార్డులు, హానోవర్ వంటి కౌంటీల పుస్తకాలు దానితోపాటు బూడిదయ్యాయి. వంశచరిత్ర వెతికేవాళ్లు ఇలాంటి చోట్లను ‘కాలిన కౌంటీలు’ అంటారు. ఊరు దాటించని పుస్తకాలు మాత్రం చాలాచోట్ల బతికాయి.

హానోవర్ నుంచి సుప్రీంకోర్టుకు

కోర్టు కాగితాలు చూసే, నకలు తీసుకునే హక్కు ఇంగ్లండు నుంచి వచ్చిన సంప్రదాయ న్యాయంలోనే ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1978లో నిక్సన్ వర్సెస్ వార్నర్ కమ్యూనికేషన్స్ కేసులో గుర్తించింది. అదే ఏడాది హానోవర్ కౌంటీలో ఒక హత్య కేసు నాలుగోసారి విచారణకు వచ్చింది. విలేకరులతో సహా అందరినీ బయటకు పంపి తలుపులు వేయమని ముద్దాయి తరఫు లాయరు అడిగితే జడ్జి ఒప్పుకున్నాడు. రిచ్‌మండ్ పత్రికల యాజమాన్యం పైకోర్టులకు వెళ్లింది. 1980 జూలై 2న సుప్రీంకోర్టు 7–1 మెజారిటీతో క్రిమినల్ విచారణను చూసే హక్కు ప్రజలకు రాజ్యాంగమే ఇచ్చిందని తీర్పు చెప్పింది. పాత రికార్డులు కాలి బూడిదైన కౌంటీయే ఈ హక్కుకు పుట్టిల్లు కావడం నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేస్తుంది.

1989లో మరో మలుపు. ఒక వ్యక్తి మీద ఎఫ్‌బీఐ పోగేసిన నేర చిట్టా ఇమ్మని విలేకరుల సంఘం అడిగింది. ఆ చిట్టాలోని ఒక్కో విషయం ఏదో ఒక కౌంటీ కోర్టులో బహిరంగంగా ఉన్నదే. అయినా దేశమంతా చెదిరి ఉన్న కాగితాలు వేరు, వాటిని ఒకచోట చేర్చిన కంప్యూటరు చిట్టా వేరు అంటూ కోర్టు కాదంది. అంతకుముందు వరకూ మనిషిని కాపాడినది చట్టం కాదు, దూరం. తలుపు తెరిచే ఉండేది, కానీ అక్కడిదాకా బండి కట్టుకుని వెళ్లి బరువైన సూచిక పుస్తకాలు తిరగేసేవాళ్లు కొద్దిమందే. ఆ శ్రమే చాలా కుటుంబాల పరువును దాచింది.

ఇప్పుడు వెతికే తీరు

కంప్యూటర్లు వచ్చాక వర్జీనియా న్యాయవ్యవస్థ కేసుల జాబితాను ఇంటర్నెట్‌లో పెట్టింది. రాష్ట్రమంతా పేరుతో వెతకవచ్చు, అయితే కొన్ని సర్క్యూట్ కోర్టులు ఇందులో లేవు. తెర మీద కేసు నంబరు, వాయిదాలు, తీర్పు కనిపిస్తాయి. పుట్టిన సంవత్సరం కనబడదు. అసలు కాగితాలు చూడాలంటే క్లర్కు ఆఫీసుకే పోవాలి, లేదా ఉత్తరం రాయాలి. ఘోర నేరాలైన ఫెలనీలు సర్క్యూట్ కోర్టులో ఉంటాయి. చిన్న నేరాలు జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో ఉంటాయి, అక్కడి కాగితాలను మామూలుగా పదేళ్ల తర్వాత తీసేస్తారు. బాలల కోర్టు కేసులు మామూలుగా బయటివారికి ఇవ్వరు. షెరీఫ్ దగ్గరి కాగితాలది మరో దారి. రాష్ట్ర సమాచార చట్టం కింద అవి అడిగే హక్కును వర్జీనియా తన పౌరులకే పరిమితం చేసింది, 2013లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది.

వర్జీనియాలోని తెలుగువారికి ఈ వ్యవస్థ ఎక్కువగా పరిచయమయ్యేది రోడ్డు మీద. గంటకు 85 మైళ్లు దాటి నడిపితే అక్కడ అది ట్రాఫిక్ జరిమానాతో పోయే తప్పు కాదు, ‘రెక్‌లెస్ డ్రైవింగ్’ అనే క్రిమినల్ నేరం. ఏడాది వరకూ జైలు, 2,500 డాలర్ల వరకూ జరిమానా పడవచ్చు. 2020 జూలైకి ముందు ఆ గీత 80 దగ్గరే ఉండేది. బ్లాక్స్‌బర్గ్‌లో చదువుకునే కుర్రాడు సెలవులకు ఐ-81 హైవే మీద ఉత్తర వర్జీనియాకు బయలుదేరి, 70 మైళ్ల పరిమితి ఉన్నచోట 86తో దొరికాడనుకుందాం. కేసు దారిలోని ఏదో పల్లె కౌంటీలో పడుతుంది. ఆ ఊరి పేరు కూడా అతనికి గుర్తుండకపోవచ్చు. ఏళ్ల తర్వాత పౌరసత్వ దరఖాస్తులో అరెస్టులు, కేసుల ప్రశ్న వస్తుంది. కోర్టు ముద్ర వేసిన తీర్పు నకలు కావాల్సి వస్తే ఆ కౌంటీ కోర్టుకే రాయాలి. పదేళ్లు దాటి కాగితాలు తీసేసి ఉంటే, రికార్డు లేదని కోర్టు నుంచి రాయించుకున్న ఉత్తరమే జతచేస్తారు.

మన పేర్లతో ఇంకో చిక్కు. కోర్టు సూచికలో ముందు లాస్ట్‌నేమ్, తర్వాత ఫస్ట్‌నేమ్ ఉంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక. కొందరికి ఒకే పేరు ఉండి, అమెరికా వీసాలో ఫస్ట్‌నేమ్ చోట, అది తెలియదన్న అర్థంలో, ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. పేరును రెండు వైపులా తిప్పి, స్పెల్లింగులు మార్చి వెతికితేగాని కేసు దొరకదు. అదే కారణంగా ఒకరి కేసు అదే పేరున్న మరొకరికి అంటుకునే ప్రమాదమూ ఉంది. ఉద్యోగాలిచ్చేవారి కోసం ఈ జాబితాలు కొని అమ్మే ప్రైవేటు సంస్థలు 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టానికి లోబడాలి. ఆ సంస్థలిచ్చే నివేదిక వల్ల ఉద్యోగం తప్పేలా ఉంటే ఉద్యోగమిచ్చేవారు అభ్యర్థికి ముందుగా దాని ప్రతి ఇవ్వాలి, తప్పుంటే సవాలు చేసే హక్కు అతనికి ఉంది. ఈ హక్కు తెలియక మౌనంగా ఊరుకునేవాళ్లు ఉండడం బాధాకరం.

చాలాకాలం వర్జీనియాలో నిర్దోషిగా తేలినవారి, కేసు కొట్టేసినవారి రికార్డులే చెరిపేందుకు వీలుండేది. 2021లో శాసనసభ కొన్ని రకాల శిక్షల రికార్డులనూ జనం కంటికి కనబడకుండా సీలు చేసే చట్టం తెచ్చింది. అమలు గడువును మొదట 2025 జూలై 1గా పెట్టి, మరుసటి ఏడాదికి జరిపారు. సీలు పడినా పౌరసత్వ దరఖాస్తులో ఆ కేసు చెప్పి తీరాలి. అందుకే సీలు పడకముందే తీర్పు నకళ్లు ముద్ర వేయించి దాచుకోవడం మంచిది.