ఇల్లటపు అల్లుడు, ఆడబిడ్డ వాటా

ఇల్లరికపు అల్లుడంటే మనకు వెంటనే సినిమాలలోని హాస్యం గుర్తుకు వస్తుంది. అత్తవారింట తిని కూర్చునేవాడని, బావమరుదుల ఎగతాళికి గురయ్యేవాడని ఒక బొమ్మ మన మనసుల్లో స్థిరపడిపోయింది. రాయలసీమలో దీనికి "ఇల్లటం" అని పేరు. ఇక్కడ అది హాస్యం కాదు. శాస్త్రంలో లేకపోయినా న్యాయస్థానం తలవంచి ఒప్పుకున్న ఆచారం అది. కుటుంబ ధర్మం కాలాన్ని బట్టి ఎలా మారుతుందో తెలుసుకోవాలంటే దూరదేశాల చరిత్రలు వెదకనక్కరలేదు. నల్లమాడ, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతపు మెట్టపొలాల కథ చాలు.

మన ప్రాంతానికి వర్తించిన ధర్మశాస్త్రం మితాక్షర. పశ్చిమ చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రచించిన ఈ గ్రంథాన్ని పదమూడవ శతాబ్దంలో కేతన "విజ్ఞానేశ్వరీయము" పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మితాక్షర సంప్రదాయంలో ఉమ్మడి ఆస్తి మీద మగబిడ్డకు పుట్టుకతోనే హక్కు వస్తుంది. ఆడపిల్లకు ఆ హక్కు లేదు. కొడుకులు లేని ఇంటికి శాస్త్రం చూపిన దారి దత్తత. దత్తపుత్రుడు జన్మనిచ్చిన ఇంటిని వదులుకుని, పెంచుకున్న ఇంటి గోత్రంలో చేరి, పితృకర్మలు నిర్వహిస్తాడు.

అయితే వానను నమ్ముకున్న సీమ రైతుకు పిండం పెట్టే కొడుకు ఎంత అవసరమో, మడక పట్టే చెయ్యి కూడా అంతే అవసరం. అందుకే కాపుల్లో, కమ్మవారిలో ఇల్లటం పుట్టింది. కూతురికి పెళ్లి చేసి అల్లుణ్ణి ఇంట్లోనే ఉంచుకుంటారు. అతడు మామగారి సేద్యం చూసుకుంటాడు. అందుకు ప్రతిఫలంగా ఆస్తిలో కొడుకుతో సమానమైన వాటా ఇస్తామని ముందే మాట ఇస్తారు. ఆ తరువాత మామగారికి కొడుకు పుట్టినా ఆ మాట చెదరదు. ఇందులో హోమం లేదు, గోత్రం మారదు. పుట్టింటి ఆస్తిలో అల్లుడి హక్కు కూడా పోదు. ఇది శ్రమకూ భూమికీ మధ్య జరిగిన ఒప్పందం.

1881లో మద్రాసు హైకోర్టు హనుమంతమ్మ, రామిరెడ్డి వ్యాజ్యంలో ఈ ఆచారాన్ని పరిశీలించింది. బళ్లారి, కర్నూలు జిల్లాల మోటాటి కాపుల్లో ఇల్లటం చెల్లుబాటయ్యే ఆచారమని గుర్తించింది. అప్పటికి అనంతపురం జిల్లా ఇంకా ఏర్పడలేదు. నల్లమాడకు పడమటనున్న పెనుకొండ, ధర్మవరం తాలూకాలు బళ్లారి జిల్లాలోనే ఉండేవి. మరుసటి ఏడు, 1882లో, కొత్త జిల్లా వచ్చింది. ఆనాటి న్యాయవాదులు సంస్కృత గ్రంథాలను ఎంత తిరగవేసినా ఇల్లటానికి ఆధారం దొరకదు. దానికి ఆధారం ఊరివారి వాడుక ఒక్కటే. సమాజం ముందు నడిస్తే ధర్మాసనం దాని వెనుక నడిచింది.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. ఇల్లటంలో భూమి కూతురి మీదుగా ప్రయాణిస్తుంది గాని ఆమె చేతిలో ఆగదు. తండ్రి చేతి నుంచి అల్లుడి చేతికి పోతుంది. కలుపు తీసినది, శెనక్కాయలు వలిచినది, గొడ్లను సాకినది ఆమే అయినా వాటాకు అర్హమైన శ్రమగా లెక్కకు వచ్చింది అతనిదే. ఆచారం ఒక మెట్టు ఎక్కింది, రెండవ మెట్టు దగ్గర ఆగిపోయింది.

ఆ రెండవ మెట్టు ఎక్కడానికి శాసనసభలు రావలసి వచ్చింది. హిందూపురం దాటితే మైసూరు సంస్థానం. అక్కడ 1933లోనే హిందూ స్త్రీల హక్కుల చట్టం చేశారు. బ్రిటిషు ఇండియాలో 1937లో వచ్చిన చట్టం వితంతువుకు భర్త ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. అది జీవితకాలం అనుభవించడానికే గాని అమ్ముకోవడానికి కాదు. పైగా వ్యవసాయ భూములకు ఈ చట్టం వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. భూమి తప్ప వేరే ఆస్తి ఎరుగని మన పల్లెల్లో ఇక ఆ చట్టానికి విలువేముంటుంది? మద్రాసు ప్రభుత్వం 1947లో దాన్ని సాగుభూములకు విస్తరించేదాకా అది కాగితం మీది కరుణే. 1949లో అదే మద్రాసు రాష్ట్రం హిందువులలో రెండవ పెళ్లిని నిషేధించి, విడాకులకు అవకాశం కల్పించింది. దేశమంతటికీ హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. అంటే ఈ విషయంలో మనవారు ఆరేళ్లు ముందున్నారు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం స్త్రీ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. కాని ఉమ్మడి ఆస్తిలో కొడుకు జన్మహక్కును ముట్టుకోలేదు. ఒక లెక్క చూద్దాం. పిత్రార్జితం పన్నెండు ఎకరాలు, ఇంట్లో తండ్రి, తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు అనుకుందాం. తండ్రి వీలునామా రాయకుండా పోతే ముందు ఆస్తిని తండ్రీకొడుకులకు ఆరేసి ఎకరాలుగా లెక్కకడతారు. ఆపై తండ్రి ఆరు ఎకరాలను ముగ్గురికి పంచుతారు. చివరకు కొడుక్కి ఎనిమిది, కూతురికి రెండు, తల్లికి రెండు.

ఈ లెక్కను మార్చినది ఆంధ్రప్రదేశ్. 1985 ఎన్నికలలో హిందూపురం నుంచి గెలిచిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వం కూతురికి కూడా కొడుకుతో సమానంగా జన్మహక్కు కల్పిస్తూ సవరణ తెచ్చింది. 1986 నాటి ఆ చట్టాన్ని 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేశారు. తమిళనాడు 1989లోను, కర్ణాటక, మహారాష్ట్ర 1994లోను ఈ బాట పట్టాయి. 1933లో మనకన్నా ముందు నడిచిన సరిహద్దు అవతలివారు ఈసారి మన వెనుక వచ్చారు.

కొత్త లెక్కలో తండ్రి, కొడుకు, కూతురు నాలుగేసి ఎకరాలకు హక్కుదారులు. తండ్రి పోయాక ఆయన నాలుగు ఎకరాలు ముగ్గురికి సమానంగా వెళతాయి. కొడుక్కీ కూతురికీ ఐదుంబావు ఎకరాలకు కాస్త పైన వస్తుంది. మరి తల్లికి? ఎకరా మూడోవంతు. మునుపు ఆమెకు రెండెకరాలు వచ్చేవి! కూతురి వాటా పెరిగినప్పుడు కొడుకు వాటాతో పాటు తల్లి వాటా కూడా తరిగింది. ఒక స్త్రీకి న్యాయం చేసే తొందరలో ఇంకొక స్త్రీని మరచిపోవచ్చునని ఈ చిన్న లెక్క చెబుతోంది. దీని మీద జరగవలసినంత చర్చ జరగలేదనిపిస్తుంది.

మరొక లోపం కూడా ఉండేది. చట్టం అమలులోకి రాకముందే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టారు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్లలో, 1984లో పెళ్లయిన అక్కకు జన్మహక్కు లేదు, 1986లో పెళ్లయిన చెల్లెలికి ఉంది. ఈ అడ్డుగోడను 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ తొలగించింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న మీమాంసలో 2015, 2018 తీర్పులు వేర్వేరు దారులు తొక్కాయి. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వ్యాజ్యంలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చేది గనుక తండ్రి ఆనాడు జీవించి ఉండనక్కరలేదని స్పష్టం చేసింది.

ఇంతటితో కథ ముగిసిందా? మన ఇళ్లలో ఇప్పటికీ ఆడబిడ్డ చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం చేయించడం చూస్తూనే ఉన్నాం. ఆమె కాదనదు. చదువు రాక, చట్టం తెలియక మాత్రమే కాదు. వాటా అడిగితే పండుగకు పిలిచే ఇల్లు, పురిటికి వచ్చే ఇల్లు, మొగుడితో పొసగనినాడు తలదాచుకునే ఇల్లు మూతబడుతుందేమోనని ఆమె భయం. ఐదెకరాలను పుట్టింటి గడపతో తూచి ఆమె గడపనే ఎంచుకుంటుంది. ఆ తూకాన్ని అజ్ఞానమనడం తేలిక. అలా తూచుకోవలసిన గతి ఆమెకు పట్టించినది ఎవరని అడగడం కష్టం.

ఇల్లటపు అల్లుడికి వాటా ఇచ్చిన నాడు సీమ రైతుకు ఏ శాసనసభా ఆజ్ఞ వేయలేదు. పరాయి ఇంటి పిల్లవాడు తన చేలో చెమటోడిస్తే అతణ్ణి కొడుకుతో సమానంగా చూడాలని తనకు తానే నిర్ణయించుకున్నాడు. ఆ ఔదార్యం ఈ నేలకు కొత్త కాదు. దాన్ని సొంత కూతురి దాకా తీసుకువెళ్లడమే మిగిలి ఉంది. చట్టం చేయగలిగింది చేసింది. సంతకం కోసం చెల్లెలి ముందుకు కాగితం జరపాలా వద్దా అన్నది అన్న చేతిలో ఉంది.