గురుదక్షిణ – నాడు, నేడు



విద్యాసంవత్సరం ముగియవచ్చేసరికి తల్లిదండ్రులు బజారుకు పోయి, పిల్లల ఉపాధ్యాయులకు కానుకలు కొని ఇచ్చే అలవాటు మన నగరాలలో కానవస్తున్నది. ఇది గురుదక్షిణయేనా అని కొందరు భక్తులు మమ్ములను అడుగుతున్నారు. అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పుట కంటె, మన పెద్దలు దక్షిణను ఏ కట్టుబాటులో నిలిపినారో పరిశీలించుట మేలని మేము తలచుచున్నాము.

మొదటిది కాలనియమం. చదువు ముగియక పూర్వం శిష్యుడు గురువునకు ధనమేదియు సమర్పింపరాదనియు, స్నాతకుడు కాబోయే వేళ గురువు అనుజ్ఞ పొంది శక్తికొలది తేవలెననియు మనుస్మృతి రెండవ అధ్యాయం విధించినది. పొలము, బంగారము, గోవు, గుఱ్ఱము మొదలుకొని గొడుగు, పాదరక్షలు, ధాన్యము, వస్త్రము, చివరకు కాయగూరల వరకు అక్కడ చెప్పబడినవి. రాజకుమారుడు గుఱ్ఱమును ఈయవచ్చును. పేద బ్రహ్మచారి కూరాకు ఈయవచ్చును. రెండును దక్షిణయే.

రెండవది పుచ్చుకొనువాని నియమం. బృహదారణ్యకం నాలుగవ అధ్యాయంలో జనకమహారాజు యాజ్ఞవల్క్యునకు వేయి గోవులను ఇత్తునన్నాడు. పూర్తిగా బోధింపక పుచ్చుకొనరాదని తన తండ్రి అభిప్రాయమని చెప్పి మహర్షి వారించెను. ఒక్కమారు కాదు, ఆరు మారులు ఈ సంభాషణ జరిగినది. గోవులు వచ్చి చేరునో లేదో అని కాక, విద్య శిష్యునకు చేరినదో లేదో అని చూచినవాడే ఆచార్యుడు.

మూడవది ఇచ్చువాని నియమం. మన తెలుగునాట కృష్ణయజుర్వేదులలో అధికులు అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం, ఇచ్చిన పిమ్మట దానిని చెప్పుకొనరాదని శాసించినది. ఈ మూడవ నియమమునే నేడు మనం ఎక్కువగా మఱచుచున్నాము.

ఈ మూడింటికి కావ్యరూపం రఘువంశం అయిదవ సర్గ. గురువైన వరతంతువు కౌత్సుని భక్తిసేవయే తనకు చాలునన్నాడు. శిష్యుడు పట్టుపట్టగా కినిసి పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు అడిగినాడు. రఘుమహారాజు సమకూర్చిన బంగారమంతయు కొనిపొమ్మనగా, గురువునకు ఈయవలసినదానికి మించి ఒక్క కాసు నొల్లనన్నాడు కౌత్సుడు. కోరినదానికి మించి ఇచ్చే దాతను, కావలసినదానికి మించి కోరని యాచకుని చూచి సాకేతపురజనులు ఇరువురిని కొనియాడిరి.

ఇక మన దేశచరిత్ర చూతము. గుంటూరు జిల్లా మల్కాపురంలో 1261 నాటి కాకతీయ రుద్రమదేవి శాసనం ఉన్నది. మందడం, వెలగపూడి గ్రామాల ఆదాయంతో నడచిన ఆ ధర్మసంస్థలో వేదాధ్యాపకులకు, శాస్త్రవ్యాఖ్యాతలకు జీవనమునకు భూమి ఏర్పరుపబడినది. అధ్యాపకుని కడుపు నింపే భారం రాజ్యానిది, సంఘానిది అయినప్పుడు శిష్యుని దక్షిణ వట్టి కృతజ్ఞతగా నిలిచినది.

అట్టి ఆదరణ లేని వీధిబడులలో ఆ భారం తల్లిదండ్రుల మీద పడినది. అప్పుడు పుట్టినదే దసరా మామూలు. బడిపంతులు గారు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరిగేవారు. పిల్లలు రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు పట్టి, బుక్కాగుండ చల్లుచు, పద్యాలు పాటలు వినిపించేవారు. ఆ యింటివారు అయ్యవారికి శక్తికొలది రూకలో వస్త్రమో సమర్పించి, పిల్లలకు పప్పు బెల్లాలు పెట్టేవారు. ఇందులో ఒక సూక్ష్మం గలదు. కలవారి పిల్లవాడు, లేనివారి పిల్లవాడు ఒకే గుంపులో నడచి, ఒకే పాట పాడి, ఒకే బెల్లం తినేవారు. ఎవరింట ఎంత ముట్టినను, వచ్చినది ఆ బడికంతకు వచ్చినట్లే.

నేటి కానుకలో ఆ గుంపు లేదు. ఒక బిడ్డ చేతిలో వెండి కుంకుమభరిణె, ప్రక్క బిడ్డ చేతులు ఖాళీ. ఆ ఖాళీ చేతులను వెనుకకు దాచుకొన్న పసివాని మనస్సు ఏమగునో తల్లిదండ్రులు ఆలోచింపవలెను. పరీక్షలకు ముందు ఇచ్చినచో అది దక్షిణ కాదు, మూల్యము. పదిమంది చూడగా ఇచ్చినచో అది ఆడంబరము. ఇరుగుపొరుగు ఇచ్చినారని అప్పు చేసి ఇచ్చినచో అది భయము. ఈ మూడింటిలో గురువు ఎక్కడ?

ఉపాధ్యాయులకు ఏమియు ఈయవలదని మేము చెప్పుట లేదు. చదువు ముగిసి, ఫలితాలు వెలువడిన పిమ్మట, ఆషాఢ పూర్ణిమ నాడో, సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని జన్మదినమై 1962 నుండి ఉపాధ్యాయ దినోత్సవముగా జరుగుచున్న సెప్టెంబరు 5 నాడో, బిడ్డను వెంటబెట్టుకొని ఆ ఉపాధ్యాయుని యింటికి పొండు. ఒక పండు చాలును. దానిని బిడ్డ చేతనే ఇప్పించి, పాదాలకు నమస్కరింపజేయుడు. కానుక ఈయదలచినవారు తరగతి బిడ్డలందరి పేర ఒక్కటిగా ఈయుడు. ఎవరి వంతు ఎంతో బయటపెట్టకుడు. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ మాట ఎవరితోను ఎత్తకుడు.

శుభమస్తు.