ఏప్రిల్ పద్దు, జూన్ వాన

జంషెడ్‌పూర్‌లోని భాలుబాసాలో కాలువ తవ్వాలన్నా, రోడ్డు వేయాలన్నా ముందు వానాకాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. జూన్ నడిమికి మొదలైన వర్షాలు సెప్టెంబరు దాటితేగాని తగ్గవు. ప్రభుత్వ పద్దు మాత్రం వేరే పంచాంగాన్ని అనుసరిస్తుంది.

ఏప్రిల్‌తో మొదలయ్యే ఆర్థిక సంవత్సరాన్ని బ్రిటిష్ పాలకులు 1867లో తెచ్చారు. అది లండన్ లెక్కలకు కుదిరింది, మన రుతువులకు కాదు. స్వాతంత్ర్యానంతరం కూడా కేంద్ర బడ్జెట్ ఫిబ్రవరి చివర వచ్చి, మే నెలలో పూర్తి ఆమోదం పొందేది. నిధులు కదిలి టెండర్లు పిలిచేసరికి వానలు. పనికి మిగిలేది అక్టోబరు నుంచి మార్చి వరకే. నిధులు మురిగిపోతాయన్న భయంతో చివర్లో బిల్లుల హడావుడి.

జనవరి నుంచే సంవత్సరాన్ని లెక్కించాలని ఎల్.కె. ఝా కమిటీ 1985లో సూచించింది, ప్రభుత్వం అంగీకరించలేదు. 2017లో బడ్జెట్‌ను ఫిబ్రవరి 1కి జరిపారు. మార్చి హడావుడి ఆర్థిక క్రమశిక్షణకు భంగమని అదే ఏటి సాధారణ ఆర్థిక నియమావళి హెచ్చరించింది.

తేదీ జరిగినంత మాత్రాన అలవాటు మారదు. అంచనాలు, టెండర్లు వానల్లోనే ముగిస్తే అక్టోబరులో గునపం నేలను తాకుతుంది. లేకుంటే మార్చిలో ఆదరాబాదరాగా వేసిన రోడ్డుకు మూడు నెలల్లోనే తొలి వాన పరీక్ష పెడుతుంది. అందులో ఓడేది కాంట్రాక్టరు కాదు, ఆ వీధిలో నడిచేవారు.