మెట్ట నుంచి మెడికల్ సీటు దాకా

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో మెడికల్ సీటు మాట వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఫీజెంత, కాలేజీకి పేరుందా అన్న లెక్క మొదలవుతుంది. ఎక్కువ కడితే మంచి కాలేజీ దక్కుతుందన్న నమ్మకం ఈ రెండు ప్రశ్నల్నీ ఒకటి చేసేసింది. మన ప్రాంతపు చరిత్ర మాత్రం ఆ నమ్మకాన్ని బలపరచదు. ధర, పేరు కలిసి నడిచిన కాలం ఒకటుండేది, నిజమే. నెల్లూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోదే గనుక పెద్ద చదువంటే మొదట్లో మద్రాసే దిక్కు. తర్వాత 1923లో విశాఖలో, 1946లో గుంటూరులో మెడికల్ కాలేజీలు వచ్చాయి. అప్పట్లో డాక్టరు చదువు రెండు మెట్లు: తక్కువ ఏళ్లలో, తక్కువ ఖర్చుతో పూర్తయ్యే ఎల్.ఎం.పి. కోర్సు ఒక మెట్టు కింద, ఎం.బి.బి.ఎస్. పైన. 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ నివేదిక ఇచ్చేనాటికి దేశంలో రిజిస్టరైన సుమారు 47,500 మంది డాక్టర్లలో 30,000 దాకా ఆ కింది మెట్టు వాళ్లే. కమిటీలో ఎక్కువమంది ఆ కోర్సు వద్దన్నారు. అది పోయాక డిగ్రీ అందరికీ ఒకటే అయింది, గొప్ప డిగ్రీ నుంచి కాలేజీ మీదికి మారింది.

ఆ గొప్ప సర్కారు కాలేజీలకే దక్కింది. 1960లో తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ వచ్చింది. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు నెల్లూరును రాయలసీమ జిల్లాలతో కలిపి ఎస్వీ యూనివర్సిటీ లోకల్ ఏరియాలో పెట్టి, 85 శాతం సీట్లు స్థానికులకిచ్చింది. దాంతో మెట్ట పిల్లలకు మంచి సీటంటే తిరుపతి, కర్నూలు. ఎస్వీకి పేరు తెచ్చింది దాని బోధనాసుపత్రి రుయాకు వచ్చే రోగుల రద్దీ. కాకినాడ రంగరాయ, విజయవాడ సిద్ధార్థ ప్రైవేటుగా పుట్టినవే కదా అనవచ్చు. అవి తర్వాత సర్కారు చేతికి వచ్చాయి. కాకినాడ విద్యార్థుల చేయి తిరిగింది ప్రభుత్వాసుపత్రి వార్డుల్లోనే.

ఇక ధర సంగతి. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు సీట్లను సగం ఫ్రీ, సగం పేమెంట్ అని విడదీసింది. మన రాష్ట్రం మీద నడిచిన కేసే అది. 2002లో ఆ పద్ధతిని మరో తీర్పు కొట్టేసినా ఒక కాలేజీకి రెండు ధరలు నిలిచిపోయాయి. ఈనాటికీ ఒకే ప్రైవేటు క్లాసులో మంచి ర్యాంకుతో కన్వీనర్ కోటాలో చేరిన విద్యార్థి వేలల్లో, యాజమాన్య కోటా అయిన బి కేటగిరీ విద్యార్థి లక్షల్లో కడతారు. పాఠం ఒకటే, పంతులూ ఒకరే. ఆ తేడా ర్యాంకుది, చదువుది కాదు. ర్యాంకు రానివాళ్ల గతేమిటని అడిగితే, ఆ అభ్యంతరం న్యాయమైనదే. సీట్లు చాలవు. 1999లో నెల్లూరులో నారాయణ కాలేజీ వచ్చినప్పుడు జిల్లాలో సర్కారు మెడికల్ కాలేజీ లేదు. ఆనం చెంచు సుబ్బారెడ్డి పేరుతో అది 2014లో గానీ రాలేదు. ఆ పదిహేనేళ్ల లోటు ప్రభుత్వానిదే, ప్రైవేటు సీటు కొన్న కుటుంబాలను తప్పుపట్టలేం.

అయితే 2023లో ప్రభుత్వం కొత్త సర్కారు కాలేజీల్లోనే 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 15 శాతం ఎన్నారై సీట్లకు 20 లక్షలు ధర కట్టడం ఆ లోటును తీర్చడం కాదు, అమ్మడం. మెట్ట తల్లిదండ్రులు కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టేముందు కాలేజీ భవనాన్ని కాదు, ఒక ఉదయం దాని ఆసుపత్రి ఓపీని వెళ్లి చూడాలి. అక్కడ రోగులు లేకపోతే ఎంత ఫీజైనా దండగే.