క్లచ్ తొక్కితే తొట్టి ఆగిందా? పంపు పోయిందనుకోకండి

అన్నలూ తమ్ముళ్లూ, పాత ట్రాక్టర్ లోడర్ బాగుచేయించే ముందు ఈ నాలుగు ముక్కలు చదవండి.

మా పక్క ఊళ్లో ఒకాయన దగ్గర పాత ఫెర్గూసన్ బండి ఉంది. క్లచ్ తొక్కగానే ముందు తొట్టి లేవడం ఆగిపోతోంది. పంపు పోయిందన్నారు. పాత ఇనుముకి అమ్మేద్దామనుకున్నాడు.

అది రోగం కాదండీ, ఆ బండి పుట్టుకే అంత. ఐర్లండ్ రైతుబిడ్డ హ్యారీ ఫెర్గూసన్ ఆయిల్ బలంతో నాగలి ఎత్తే పద్ధతి తెచ్చాడు. 1946 నుంచి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో టీఈ-20 బండ్లు తయారయ్యాయి. వాటిలో పంపు పీటీఓ షాఫ్టు మీద తిరుగుతుంది. క్లచ్ తొక్కితే షాఫ్టు ఆగుతుంది, పంపూ ఆగుతుంది. నాగలికి ఇబ్బంది లేదు. లోడర్‌కి మాత్రం గేరు మార్చిన ప్రతిసారీ తొట్టి మధ్యలో ఆగేది.

1956లో వచ్చిన 35 మోడల్‌లో డబుల్ క్లచ్ పెట్టారు. సగం తొక్కితే బండి ఆగుతుంది, పంపు తిరుగుతూనే ఉంటుంది. 1960లో మద్రాసులో టాఫే మొదలయ్యాక ఆ వంశమే మన పొలాలకి వచ్చింది.

అందుకే ముందు న్యూట్రల్‌లో పెట్టి, పీటీఓ లీవర్ వేసి, క్లచ్ వదిలి చూడండి. తొట్టి లేస్తే పంపు బాగున్నట్టే. గేరుబాక్సుకీ లిఫ్టుకీ ఒకటే ఆయిల్, అది మురికైతే పంపు అరుగుతుంది. ఆయిల్, సీళ్లు, గొట్టాలు మార్పించండి.

ఆయన అంతే చేశాడు. ఇప్పుడు ఆ బండే దిబ్బ ఎరువు ఎత్తుతోంది. తొట్టి కింద మాత్రం ఎవరినీ నిలబడనివ్వకండి.